మార్కెట్‌కి పోగా మిగిలింది

నిన్న మా తోటలో దింపు తీశారు. కోనసీమ బయట ఉన్నవాళ్ల కోసం చెప్తున్నాను, దింపు అంటే కొబ్బరిచెట్టెక్కి ముదిరిన గెలలు కోసి కాయల్ని కిందికి దించడం. ఇంచుమించు రెండు నెలలకోసారి ఉండే పనే, అయినా ఆ రోజు ఇల్లు ఇల్లులా ఉండదు. తెల్లారేసరికి దింపు మనుషులు వచ్చేస్తారు, వాళ్లకి టీలు, ఫలహారాలు, చెట్ల కిందికి ఎవరూ వెళ్లకుండా కాపలా కాయడం, మధ్యాహ్నం అయ్యేసరికి తోట మధ్యలో కాయల గుట్ట. ఆ గుట్ట దగ్గర మా ఆయన, షావుకారు పంపిన గుమాస్తా ఎదురెదురుగా నిలబడి లెక్క పెట్టుకుంటారు. పెద్ద కాయలు ఒక పక్కకి, చిన్నవి ఒక పక్కకి. ఆఖర్న ఎవరికీ అక్కర్లేనివి కొన్ని మిగులుతాయి. పైనుంచి పడ్డప్పుడు చిట్లినవి, ఎలుక కొరికినవి, నల్లి పట్టి గిడసబారిపోయినవి, పోయిన దింపులో ఏ మట్టల కిందో ఉండిపోయి మొలకొచ్చినవి. వాటిని వెదురు గంపలో వేసి తెచ్చి వంటింటి వసారాలో పెడతారు.

మా ఇంట్లో వంట ఆ గంపలోంచే మొదలవుతుంది.

నేను పుట్టింది నరసరావుపేట దగ్గర పల్లెలో. మిరపా పత్తీ పండే ఊరు. అక్కడ కొబ్బరికాయంటే గుడికి, శుభకార్యానికి, లేదంటే కొత్త బండికి. ఒక్క కాయ కొనేవాళ్లం, దేవుడి దగ్గర కొట్టి తెచ్చిన చిప్పలో సగం పచ్చడికి, సగం పిల్లల చేతిలోకి. 2003లో పెళ్లయి అంబాజీపేట పక్క పల్లెకి వచ్చినప్పుడు నాకున్న ఊహ ఏమిటంటే, ఇక్కడ కూరల్లో, పులుసుల్లో, అన్నంలో అన్నిట్లో కొబ్బరే ఉంటుందని. వచ్చిన పది రోజులకి మొదటి దింపు చూశాను. గుట్టలోంచి నాకు నచ్చిన మంచి కాయ ఒకటి తీసి పచ్చడికి కొట్టబోతుంటే అత్తయ్యగారు వసారాలోంచి చూసి, "అమ్మాయ్, అది అమ్మేదమ్మా. గంపలోది తీసుకో" అన్నారు. గట్టిగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు. కానీ నాకు చాలా కష్టం అనిపించింది. రెండెకరాల తోట, నూట పది చెట్లు, వందల కొద్దీ కాయలు కళ్లముందుండగా కోడలికి ఒక్క కాయకి గతి లేదా అని ఆ రాత్రి ఏడ్చాను. దాని వెనక ఉన్న సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది, అది కిందికి వచ్చాక చెప్తాను.

ముందు అంబాజీపేట గురించి. అమలాపురం దగ్గర్లో మండల కేంద్రం ఇది. 2022లో కోనసీమ జిల్లా అయ్యేదాకా తూర్పు గోదావరిలో ఉండేది. బస్సు దిగి చూస్తే సెంటరు, నాలుగు రోడ్లు, ఎరువుల కొట్లు, బంగారం కొట్లు, టిఫిన్ బళ్లు, అన్ని ఊళ్లలాంటిదే. కానీ కొబ్బరి సంగతికి వస్తే మన రాష్ట్రంలో ముందు అడిగేది అంబాజీపేట ధరే. పేపర్లో జిల్లా పేజీలో ఆ పట్టీ పడుతుంది. కొత్తకొబ్బరి క్వింటాలు ఇంత, కురిడీ కొబ్బరి పాతవి గండేరా వెయ్యి ఇంత, గటగట వెయ్యి ఇంత, నీటికాయ పాత ముక్కుడు వెయ్యి ఇంత. కొత్తలో ఆ మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. మామయ్యగారు ఓపిగ్గా చెప్పేవారు. గండేరా, గటగట, ముక్కుడు అనేవి సరుకు రకాల పేర్లు. నీటికాయ అంటే లోపల నీళ్లున్న మామూలు కాయ. కురిడీ అంటే కాయని నెలల తరబడి అటక మీద నిలవపెట్టి, లోపల నీళ్లు పూర్తిగా ఇంకిపోయి, కొబ్బరి పెంకుని వదిలేసి గుండులా అయిపోయేదాకా ఆగి, అప్పుడు పెంకు జాగ్రత్తగా పగలగొట్టి చెక్కుచెదరకుండా తీసింది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుండు కదిలే చప్పుడు వినపడుతుంది. ఆ కురిడీ లారీల్లో ఉత్తరాదికి పోతుంది, అక్కడ పూజల్లో వాడతారు. నీటికాయలు మహారాష్ట్ర, గుజరాత్, బీహార్ దాకా వెళ్తాయి. దసరా దీపావళి వస్తున్నాయంటే ఇక్కడ ఒలుపు కార్మికులకి తీరిక ఉండదు. నేలలో పాతిన గునపం మొన మీద కాయని గుచ్చి మూడు తిప్పుల్లో పీచు ఊడదీసేస్తారు, ఒక్కొక్కరు రోజుకి ఎన్ని వందల కాయలు ఒలుస్తారో చూస్తే ఆ మణికట్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ కొబ్బరి అనేది ముందు డబ్బు, తర్వాతే తిండి. కేరళవాళ్లలా కొబ్బరినూనెతో వంట చెయ్యం, అది తలకే. అన్నిట్లో కొబ్బరిపాలు పొయ్యం. పిల్లల ఫీజు, ఎరువుల కొట్టు బాకీ, ఆడపిల్ల పెళ్లి, అన్నీ ఆ గుట్టలోంచే రావాలి. మంచిదంతా అలా వెళ్లిపోగా మిగిలిన దాంతో ఇన్ని రకాలు ఎలా వండుకుంటున్నారో, ఇరవై ఏళ్ల పైన ఇక్కడ ఉన్నాక నాకు బాగా అర్థమైన విషయం అది. కోనసీమ వంట అనగానే మా పుట్టింటి వైపు చుట్టాలు పెద్ద పెద్ద విందులు ఊహించుకుంటారు. నేను చూసిన కోనసీమ వంట చాలావరకు అమ్మకానికి పనికిరాని వాటితో చేసింది.

చిట్లిన కాయలు ఎండ తగలకముందే కొట్టేయాలి, లేకపోతే మర్నాటికి బంక వాసన వస్తుంది. అందుకని దింపు రోజు రాత్రి తప్పకుండా కొబ్బరి పచ్చడి ఉంటుంది, మామిడికాయలున్న రోజులైతే కొబ్బరి మామిడికాయ పచ్చడి. పచ్చిమిర్చి, ఇంగువ వేసిన పోపు, కోరాముతో కోరకుండా కత్తితో ముక్కలు చేసిన కొబ్బరి, రోట్లో కచ్చాపచ్చాగా తొక్కాలి. మిక్సీలో వేస్తే మెత్తగా పాలు కారి చప్పబడిపోతుంది, ఈ విషయంలో నేను అత్తయ్యగారి కంటే పట్టుదలగా ఉంటాను ఇప్పుడు. ఇంకా మిగిలితే బెల్లం పాకం పట్టి కొబ్బరుండలు. మొలకొచ్చిన కాయ పగలగొడితే లోపల తెల్లగా మెత్తగా స్పాంజిలాంటి పువ్వు ఉంటుంది. మార్కెట్లో మొలకొచ్చిన కాయకి విలువ లేదు, మా ఇంట్లో పిల్లలు మాత్రం దాని కోసమే కొట్టుకుంటారు. మా చిన్నవాడు కొబ్బరి పువ్వు దొరుకుతుందేమోనని గుట్ట అడుగున వెతికేవాడు. మట్టలు పొయ్యిలోకి, డొక్కలు నీళ్లకాగు కిందికి, ఈనెలు చీపురుకి.

ఈనెలు చీపురుకే కాదు, పొట్టిక్కలకి కూడా. అంబాజీపేట పేరు చెప్పగానే తిండి తెలిసినవాళ్లు మొదట అడిగేది పొట్టిక్కల గురించే. పనసాకులు నాలుగు తీసుకుని, ఒకదాని మీద ఒకటి కూడలిలా పేర్చి, అంచులు పైకి మడిచి, కొబ్బరి ఈనెపుల్లలు విరిచి టాకాలు కుట్టి చిన్న బుట్ట చేస్తారు. ఆ బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. చెప్పడానికి ఇంతే. చెయ్యడం నాకు రెండేళ్లకి వచ్చింది. ఆకు మరీ లేతదైతే ఆవిరికి మెత్తబడి బుట్ట జారిపోతుంది, మరీ ముదిరితే మడిచేటప్పుడు ఈనె దగ్గర విరిగిపోతుంది. ముదురాకుపచ్చ రంగు అప్పుడే ఎక్కిన ఆకు కావాలి. దాన్ని తుడిచి, తొడిమ తుంచి, పుల్ల గుచ్చేటప్పుడు పెద్ద రంధ్రం పడకుండా ఏటవాలుగా గుచ్చాలి. పిండి ముప్పావు బుట్టకి మించి పొయ్యకూడదు, పొంగి పైకి వస్తుంది. ఉడికాక ఆకు రంగు మారి గోధుమ వన్నెకి తిరుగుతుంది, వేడిగా ఉన్నప్పుడే ఆకు ఒలిస్తే ఆకు మీది గీతలన్నీ పొట్టిక్క మీద అచ్చు పడి ఉంటాయి. ఆ వాసన నేను మాటల్లో చెప్పలేను. ఇడ్లీ పాత్రలో వండిన ఇడ్లీకి, దీనికి పిండి ఒకటే, రుబ్బిన చెయ్యి ఒకటే, అయినా రెండూ వేరే వేరే తిండి.

నాకు నేర్పింది అత్తయ్యగారు కాదు, మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ. ఆవిడ తెల్లవారుజామున లేచి బుట్టలు కుట్టి టిఫిన్ బళ్లవాళ్లకి ఇచ్చేవారు. "బుట్ట కుట్టేప్పుడు మాట్లాడకమ్మాయ్, చెయ్యి తప్పుద్ది" అనేవారు, అంటూనే ఆవిడ ఆపకుండా మాట్లాడేవారు, చెయ్యి మాత్రం తప్పేది కాదు. ఇప్పుడు ఆవిడ లేరు. వాళ్ల కోడలు కుడుతుంది కానీ పండగలకీ, ఆర్డరు ఇస్తేనే. ఒక్కో బుట్టకి పట్టే టైముకి, వచ్చే డబ్బుకి పొంతన లేదని అంటుంది, నిజమే. బండి దగ్గర పొట్టిక్క తినేవాళ్లు ఇడ్లీ కంటే నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే గొణుగుతారు, దయచేసి అలా గొణగొద్దు. మీరు ఇచ్చే ఆ నాలుగు రూపాయలూ పిండికి కాదు, ఒక మనిషి తెల్లవారుజామున దీపం పెట్టుకుని కుట్టిన దానికి.

పనసచెట్టు సంగతి వచ్చింది కాబట్టి పనసపొట్టు కూడా చెప్పాలి. చలి వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో చెట్టు నిండా పిందెలు కాస్తుంది, అన్నీ ఉంచితే ఏదీ పెద్దది కాదు, అందుకని కొన్ని లేతగా ఉండగానే కోసేస్తారు. అలా కోసేసిన లేత కాయే పనసపొట్టు అవుతుంది. పైతొక్క చెక్కి, పెద్ద కత్తితో దాన్ని పొట్టు పొట్టుగా కొట్టడం ఒక విద్య. పాలు కారి చేతులు అంటుకుపోతాయి, నూనె రాసుకోకుండా ముట్టుకోకూడదు. మార్కెట్లో ఈ పని చేసేవాళ్లు ఉంటారు, కాయ ఎంచుకుంటే కళ్లముందే టకటకటకా కొట్టి పొట్లం కట్టి ఇస్తారు, చూస్తూ నిలబడిపోతాం. ఆ పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించి గట్టిగా పిండి, మినప్పప్పు శనగపప్పు ఎండుమిర్చి ఇంగువ పోపులో చింతపండు పులుసు వేసి మగ్గించి, దించి బాగా చల్లారాక ఆవ పెట్టాలి. వేడి మీద ఆవ పెడితే చేదొస్తుంది. మా పల్నాడులో ఇంత కారం తినే నాకు ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి మొదటిసారి కళ్లనీళ్లు వచ్చాయి. ఇప్పుడు ఆవ లేని పనసపొట్టు కూర పెడితే తిననే తినను.

కొబ్బరిచెట్ల మధ్యలో అరటి ఉంటుంది, కంద ఉంటుంది, ఈమధ్య కోకో కూడా వేస్తున్నారు. అరటిగెల రావులపాలెం మార్కెట్‌కి పోతుంది. గెల కొట్టాక చెట్టు కొట్టెయ్యాల్సిందే, ఒక్కసారే కాస్తుంది కదా. ఆ కొట్టేసిన బోదెలోంచి పొరలు ఒలుచుకుంటూ పోతే మధ్యలో తెల్లటి దూట ఉంటుంది. సన్నగా చక్రాల్లా తరుగుతూ, ప్రతి చక్రానికీ దారంలా వచ్చే పీచుని వేలికి చుట్టుకుంటూ తీసెయ్యాలి, తరిగిన ముక్కలు నల్లబడకుండా మజ్జిగలో వేస్తూ ఉండాలి. దూట పెరుగుపచ్చడి ఎండాకాలం మధ్యాహ్నం తినాలి, ఇంకేమీ వద్దనిపిస్తుంది. అరటిపువ్వు కూర ఇంకా ఓపిక పని, ఒక్కొక్క చిన్న పువ్వులోంచీ ఉడకని గట్టి పుల్లని ఏరి పారెయ్యాలి. అత్తయ్యగారు, వాళ్ల తోడికోడలు, నేను వసారాలో కూర్చుని మధ్యాహ్నం అంతా పువ్వులు బాగు చేసుకుంటూ ఊళ్లో విషయాలన్నీ మాట్లాడుకునేవాళ్లం. ఈ ఊరు నాది అనిపించడం ఆ వసారాలోనే మొదలైంది. కందా బచ్చలీ కూర అయితే కార్తీకమాసం వనభోజనాల్లో, పెళ్లిళ్లలో తప్పదు, దాని గురించి రాయడం మొదలుపెడితే ఇది ఈరోజుకి పూర్తవ్వదు.

వరి గురించి కొంచెం చెప్తాను, ఎక్కువ చెప్పాలంటే మనసు బాగోదు. గోదావరి పాయలు గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న ఈ నేలకి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు వస్తాయి. 1852లో అది పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ కట్టేసిన రోజు, వదిలిన రోజు చూసే ఇక్కడ ఏడాది నడుస్తుంది. మాకు ఎకరం చేను ఉంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం అని చేలు బీడు పెట్టేసినప్పుడు మేమూ వెయ్యలేదు. కూలి, ఎరువుల ఖర్చు పెరిగిపోయింది, ధాన్యానికి ధర రాలేదు, మురుగు కాలవల్లో నీళ్లు లాగక నాట్లు మునిగిపోయేవి. ఆ ఏడాది మామయ్యగారు రోజూ ఉదయం అలవాటు ప్రకారం చేను గట్టు దాకా వెళ్లి, ఖాళీ చేను చూసి తిరిగి వచ్చేవారు. బియ్యం కొనుక్కుని తిన్నాం. చద్దన్నంలో మాగాయ వేసుకుని తింటూ, కొన్న బియ్యం చద్దికి బాగోదు అని ఆయన అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. సొంత చేలోవి పాత బియ్యం, గంజి వార్చి వండి రాత్రంతా కుండలో నానబెడితే ఉదయానికి వచ్చే పులుపు కొన్న వాటికి రాదు, ఇది నేను కూడా ఒప్పుకుంటాను.

ఆయనకి సంక్రాంతి అంటే కనుమ. కనుమ నాడు మా దగ్గర ప్రభల తీర్థం. మా మండలంలోనే మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది, అందులో గుడి లేదు, గోపురం లేదు, ఉత్త తోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, వెదురు కర్రలతో కట్టి రంగుల నూలు బట్టలు చుట్టి అలంకరించిన ప్రభల మీద, మనుషుల భుజాల మీద ఊరేగుతూ అక్కడికి వస్తారు. వ్యాఘ్రేశ్వరుడు పెద్ద, మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇచ్చేవాడు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఇదే, టీవీలో చూసి ఊరంతా చప్పట్లు కొట్టాం. గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశికలో దిగి నీళ్లలోంచి నడిచి వస్తుంటే గట్టు మీద నిలబడ్డవాళ్ల గుండెలు ఆగిపోతాయి, అంత బరువు, కాళ్ల కింద బురద, ఒక్కరు జారినా అంతే. ఒడ్డెక్కగానే వచ్చే అరుపు విని తీరాలి.

ఈ ప్రభలు రోడ్డు మీద మాత్రమే రావు. చేలకి అడ్డం పడి వస్తాయి. పచ్చటి పైరు తొక్కుకుంటూ వస్తాయి. మా ఇంటికి వచ్చిన మా అన్నయ్య ఒకసారి అది చూసి కంగారు పడి, "బావగారూ, పంటంతా పోయింది కదండీ, ఎవరూ అడగరా?" అన్నాడు. పక్కనే ఆ చేను రైతు ఉన్నాడు. "శివుడు నడిచిన చేనండి, ఇంకేటి కావాలి. ఆయ్" అన్నాడు, అంటూ చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఒక్క కాయని కూడా లెక్క పెట్టి అమ్ముకునే ఊరు, ఒక మడి పైరుని అలా వదిలేస్తుంది. ఆ రోజు మా ఇంట్లో చుట్టాలు పాతికమందికి తక్కువ ఉండరు. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు, ముందే చేసి డబ్బాల్లో పెట్టిన అరిసెలు, పోకుండలు. ఆ ఒక్కరోజు అత్తయ్యగారు గంపలోవి కాకుండా మంచి కాయలే కొట్టించేవారు.

ఇప్పుడు ఆ పాత సంగతి. పెళ్లయిన ఐదారేళ్లకి ఒకసారి గాలివాన పట్టింది, కరెంటు పోయింది, రాత్రి లాంతరు దగ్గర కూర్చుని ఉన్నప్పుడు అత్తయ్యగారు తనంతట తాను చెప్పారు. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను. ఆ రాత్రి వీళ్లంతా పక్కింటి డాబాలోకి వెళ్లి కూర్చున్నారట. తెల్లారి తలుపు తీస్తే ఎదురుగా ఆకాశం కనపడిందట. "మన ఇంటి దగ్గర నిలబడితే ఎప్పుడూ ఆకాశం ముక్కలు ముక్కలుగానే కనపడేదమ్మా, చెట్ల మధ్యలోంచి. ఆ రోజు మొత్తం కనపడింది" అన్నారు. నూట ఇరవై చెట్లలో నిలబడ్డవి పధ్నాలుగు. రోడ్ల మీద చెట్లు పడి దారి లేదు, బియ్యం తడిసిపోయాయి, గేదె చచ్చిపోయింది. కొబ్బరిచెట్టు తలలో, ఆకులు పుట్టే చోట, మొవ్వు ఉంటుంది, తెల్లగా, మెత్తగా, తియ్యగా. బతికున్న చెట్టు మొవ్వు ఎవరూ తియ్యరు, మొవ్వు తీస్తే చెట్టు చచ్చిపోతుంది. ఆ వారం ఊరంతా మొవ్వులే తిన్నారట. పిల్లలకి అదే పెట్టారట. "పాలకోవాలాగ ఉంటుంది. తింటుంటే మీ మామయ్య ఏడుస్తూనే ఉన్నారు, పిల్లలు మాత్రం ఇంకా పెట్టమన్నారు" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ మొవ్వు నోట్లో పెట్టలేదు.

మరుసటి ఏడాది అప్పు చేసి మొక్కలు వేశారు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు. లెక్క వేసుకోండి. నేను 2003లో కోడలిగా వచ్చి చూసిన ఆ మొదటి దింపు, ఆ మొక్కలు కాసిన మొదటి కాపులది. నేను కొట్టబోయిన ఆ కాయ ఆరేళ్ల అప్పు తర్వాత చేతికొచ్చిన మొదటి కాయల్లో ఒకటి. ఆ రాత్రి లాంతరు దగ్గర నేనేమీ అనలేకపోయాను. అత్తయ్యగారికి నా ఏడుపు సంగతి ఇప్పటికీ తెలియదు.

ఆ చెట్లే ఇప్పుడు మాకు ఆధారం, వాటికీ కష్టాలు వచ్చాయి. తెల్లదోమ వచ్చినప్పుడు ఆకుల కింద తెల్లటి దూదిలా పట్టి, దాని నుంచి కారే జిగురు మీద నల్లటి మసి పెరిగి, కింద ఉన్న అరటాకుల మీద కూడా మసి రాలింది. ఇంటి నిండా అరటిచెట్లుండి, ఇంట్లో శుభకార్యానికి భోజనాలకి అరటాకులు బయటి నుంచి తెప్పించుకున్నాం, అంతకంటే అవమానం లేదనిపించింది. అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, గోదావరి గంగ అనే సంకర రకం అక్కడ తయారైనదే. తెల్లదోమని అదుపు చేసే శిలీంధ్రాన్నీ, బదనికలనే చిన్న కీటకాల్నీ ల్యాబ్‌లో పెంచి రైతులకి ఇస్తారు. మందులు కొట్టకుండా వాటితో సరిపెట్టుకున్నవాళ్ల తోటలు తేరుకున్నాయి, మాది కూడా. దింపు మనుషులు దొరకడం మాత్రం ఏటేటా కష్టమవుతోంది. మా తోటలో ఎక్కే ఆయనకి యాభై దాటాయి, వాళ్లబ్బాయి చెట్టెక్కనన్నాడు, నేనైనా ఎక్కమనను.

ధర సంగతి చెప్పక్కర్లేదు. 2023లో మా కాయలకి వెయ్యికి ఏడు వేలు ఇచ్చారు, దింపు కూలి, ఒలుపు కూలి, బండి కిరాయి పోగా ఏం మిగులుతుంది? ఒక వ్యాపారి ఆ ఏడు వేలూ మూడు నెలలు తిప్పి ఇచ్చాడు, అందులోనూ కాయలు పగిలాయని కోత పెట్టాడు. కొంతమంది ఆ ఏడాది తోటలు కొట్టేసి చెరువులు తవ్వేశారు. వాళ్లని నేను తప్పు పట్టలేను.

అదే 2025లో ఇక్కడ ఎవరూ ఎప్పుడూ చూడనంత ధర వచ్చింది. మా కాయలు వెయ్యి ఇరవై వేలు దాటాయి. శ్రావణమాసం దింపుకి షావుకారు మనిషి స్వయంగా రెండుసార్లు ఫోన్ చేసి మరీ వచ్చాడు. గుట్ట లెక్కయ్యాక, పక్కన పెట్టిన చిట్లిన కాయలు కూడా చూసి, "ఇవీ ఇచ్చేయండి బాబుగారూ, నూనెకి పనికొస్తాయి, రేటు కడతాను" అన్నాడు. మా ఆయన సరే అనబోయారు. పిల్లాడి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది.

అత్తయ్యగారికి డెబ్భై ఐదు ఏళ్లు, మోకాళ్లు నొప్పి, తోటలోకి రావడం మానేసి ఏడాదైంది. ఆ రోజు ఎలా వచ్చారో కర్ర పట్టుకుని గట్టు మీదుగా వచ్చేశారు. గంప పక్కన ఉన్న మట్ట మీద కూర్చుని, "ఆ గుట్ట మొత్తం పట్టుకెళ్లు నాయనా, నేనేమైనా అన్నానా ఇన్నేళ్లూ. ఇవి ఇంట్లోవి" అన్నారు. అతను ఇంకేమీ అనలేదు. మా ఆయన గంప ఎత్తుకున్నారు, నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, ముగ్గురం మెల్లగా ఇంటికొచ్చాం.

శుక్రవారానికి ముందే బియ్యం నానబోసి ఉన్నాయి. తడిపిండి దంపి, బెల్లం పాకంలో ఆ చిట్లిన కాయల కొబ్బరి కోరి వేసి, కొబ్బరి బూరెలు వండాం. మొదటి వాయి దింపు తీసిన ఆయన ఇంటికి పంపించారు. రెండో వాయి వసారాలో కూర్చుని తిన్నాం. ఒక కాయ మొలకొచ్చి ఉంది, పువ్వు మా చిన్నవాడికని తీసి పెట్టారు అత్తయ్యగారు. వాడు విజయవాడ హాస్టల్లో ఉన్నాడు, ఆదివారానికి గానీ రాడని చెప్పాను. "పాడైపోద్ది కదమ్మా, అయితే నువ్వు తిను" అని నా చేతిలో పెట్టారు.